నాడీకణాన్ని లోకానికి చూపిన కహాల్

పదో తరగతి జీవశాస్త్రంలో నాడీకణం బొమ్మ వేయని విద్యార్థి మన హాస్టల్లో ఉండడు. మధ్యలో కణదేహం, దాని చుట్టూ చెట్టు కొమ్మల్లాగా డెండ్రైట్లు, ఒకవైపు పొడవుగా సాగిన ఆక్సాన్. భాగాలు గుర్తిస్తే మార్కులు వస్తాయి కాబట్టి అందరం నేర్చుకుంటాం. కానీ మెదడులో కోటానుకోట్ల కణాలు చిక్కుపడి ఉంటే, వాటిలో నుంచి ఒక్కొక్క కణాన్ని విడిగా చూసి, ఏ కణానికి ఆ కణం వేరుగా ఉంటుందని లోకాన్ని ఒప్పించిన మనిషి పేరు మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు శాంటియాగో రమోన్ ఇ కహాల్. స్పెయిన్ దేశస్థుడు.

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని తమ్ముళ్ళు అడిగారు. అంబేద్కర్, పూలే, జాషువాల గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, రాయాలి కూడా. ఈసారి మేము ఒక శాస్త్రవేత్తను ఎంచుకున్నాం. మేము ఈ హాస్టల్లోనే ఉండి చదువుకొని ఇప్పుడు ఎమ్మెస్సీ జువాలజీకి వచ్చాం. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది మేమే మొదలు. క్లాసులో సెమినార్ కోసం, మెదడులోని నాడీకణాలు రంగురంగులుగా మెరిసే చిట్టెలుకల గురించి చదవాల్సి వచ్చింది. ఆ ఎలుకల కథ వెనక్కి తవ్వుకుంటూ పోతే నూట ముప్పై ఏండ్లకు పైబడిన ఈ మనిషి కథ దగ్గర ఆగింది. ఆయన జీవితం చదివినకొద్దీ, ఇది మన హాస్టల్ పిల్లలకు చెప్పాల్సిన కథ అనిపించింది.

బాల్యం

కహాల్ 1852 మే 1న ఉత్తర స్పెయిన్‌లోని పెటిల్లా అనే చిన్న కొండ పల్లెలో పుట్టాడు. తండ్రి హుస్తో రమోన్, తల్లి అంతోనియా కహాల్. స్పెయిన్‌లో తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ పెట్టుకుంటారు. మధ్యలో ఉన్న ఇ అంటే మరియు అని అర్థం. లోకం మాత్రం ఆయనను తల్లి వైపు పేరుతోనే కహాల్ అని పిలుస్తున్నది.

తండ్రి పేద రైతు కుటుంబంలో పుట్టినవాడు. చిన్న వయసులోనే ఒక క్షురక వైద్యుని దగ్గర పనికి కుదిరి, ఆ పని నేర్చుకొని, పైసా పైసా కూడబెట్టి చదివి, చివరికి పూర్తి వైద్యుడయ్యాడు. ఆ రోజుల్లో యూరప్‌లో గడ్డం గీసేవారే చిన్న చిన్న శస్త్రచికిత్సలు చేసేవారు. మన ఊళ్ళలో కూడా మంగలివారు గడ్డలు కోసి కట్టు కట్టేవారని పెద్దలు చెబుతుంటారు. తాను అంత కష్టపడి పైకి వచ్చినవాడు కాబట్టి కొడుకు కూడా వైద్యుడే కావాలని ఆయన పట్టుబట్టాడు.

కొడుకు దారి వేరు. అతనికి బొమ్మల పిచ్చి. గోడ కనబడితే గోడ మీద, కాగితం దొరికితే కాగితం మీద గీసేవాడు. తండ్రి దృష్టిలో బొమ్మలు సోమరుల పని. ఊరి చర్చి గోడలకు రంగులు వేయడానికి వచ్చిన ఒక పనివానికి పిల్లవాని బొమ్మ చూపిస్తే, అతను పనికిరాదని తేల్చేశాడు. ఆ ఒక్క మాటతో ఇంట్లో బొమ్మలు బంద్ అయ్యాయి.

బడిలోనూ సుఖం లేదు. హాకా అనే ఊరిలో మతగురువులు నడిపే పాఠశాలలో వేశారు. అక్కడ లాటిన్ పాఠాలు బట్టీ పట్టాలి. అప్పజెప్పకపోతే దెబ్బలు, చీకటి గదిలో బంధించడం, అన్నం పెట్టకపోవడం. పిల్లవాడు మరింత మొండికేశాడు. పదకొండేండ్ల వయసులో చెక్కతో ఒక ఫిరంగి తయారుచేసి పొరుగింటి తలుపు పేల్చేశాడు. అందుకు కొన్ని రోజులు ఊరి జైలులో కూడా ఉన్నాడు.

విసిగిపోయిన తండ్రి అతణ్ణి కొంతకాలం ఒక మంగలి దగ్గర, ఆ తరువాత చెప్పులు కుట్టే వారి దగ్గర పనిలో పెట్టాడు. కొడుకు ఆ పనిలో కుదురుకున్నాడు. కొలతలు తీయడం, తోలు కోయడం, తేడా రాకుండా కుట్టు వేయడం నేర్చుకొని మంచి పనివాడు అనిపించుకున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కహాల్‌కు ఆ పని శిక్షగా ఇచ్చారు. ఏడాది గడిచాక తిరిగి బడిలో చేర్పించే తండ్రి ఉన్నాడు. మన తాతముత్తాతలకు ఆరె, రంపె పట్టడం శిక్షగా రాలేదు, పుట్టుకతోనే మెడకు కట్టారు. దాని నుంచి బయటికి రావడానికి బడి తలుపు కూడా తెరవలేదు. ఈ తేడా మరిచిపోయి కహాల్ కూడా మనలాంటివాడే అని రాస్తే అది అబద్ధం అవుతుంది. కానీ ఒకటి నిజం. చేతిపని చేసిన వేళ్ళకు ఒక ఒడుపు ఉంటుంది, కంటికి ఒక కొలత ఉంటుంది. ఆ ఒడుపును తక్కువ చూసే చదువు సగం చదువే. రేపు మెదడును సన్నటి పొరలుగా కోసి గాజు పలక మీద పరచాల్సి వచ్చినప్పుడు కహాల్‌కు కావలసింది అచ్చంగా అలాంటి చేతులే.

వైద్య విద్య, కష్టాలు

1868 వేసవిలో తండ్రి ఒక ఉపాయం చేశాడు. కొడుకును పాత శ్మశానానికి తీసుకుపోయి, బయటపడి ఉన్న ఎముకలు తెచ్చి, ఒక్కొక్కటి చేతికిచ్చి శరీర నిర్మాణం నేర్పాడు. ఎముకను చూసి బొమ్మ వేయాలి. ఇన్నాళ్ళూ తిట్లు తెచ్చిపెట్టిన బొమ్మల విద్యే ఇప్పుడు చదువయ్యింది. అప్పటి నుంచి కహాల్ వెనుదిరిగి చూడలేదు. జరగోజా నగరంలో వైద్యం చదివి 1873లో పట్టా పొందాడు.

పట్టా చేతికి రాగానే సైన్యంలోకి పిలుపు వచ్చింది. 1874లో స్పెయిన్ వలస అయిన క్యూబాకు సైనిక వైద్యునిగా పంపారు. చిత్తడి నేలలు, దోమలు. మలేరియా, రక్త విరేచనాలతో ఎముకల గూడయ్యాడు. 1875లో సెలవిచ్చి ఇంటికి పంపించారు. ఆ ఉద్యోగంలో మిగిలిన జీతం డబ్బులతో ఆయన కొనుక్కున్నది ఒక సూక్ష్మదర్శిని. 1877లో మాడ్రిడ్‌లో డాక్టరేట్ పొందాడు. మరుసటి ఏడాది క్షయ పట్టుకొని రక్తం కక్కుకున్నాడు. దాని నుంచి కూడా బయటపడ్డాడు. 1879లో సిల్వేరియాను పెండ్లి చేసుకున్నాడు. వారికి ఏడుగురు పిల్లలు. చాలీచాలని జీతంలో ఇల్లు గడుపుతూ, భర్త ప్రయోగాలకు డబ్బు మిగిల్చిన ఆ తల్లి పేరు కూడా ఈ కథలో చెప్పుకోవాలి.

1883 చివర్లో వలెన్సియా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1885లో ఆ ప్రాంతంలో కలరా వ్యాపించింది. కహాల్ కలరా సూక్ష్మజీవి మీద పరిశోధన చేసి జరగోజా జిల్లా ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. ఆ సేవకు కృతజ్ఞతగా వారు ఒక మంచి జైస్ సూక్ష్మదర్శినిని బహూకరించారు. అంతవరకు ఉన్న పాత పరికరంతో పోలిస్తే అది వేరే కన్ను. ఒక ప్రభుత్వం సరైన మనిషికి సరైన సమయంలో ఒక్క పరికరం ఇస్తే ఏమవుతుందో చూడండి.

ఒక్క దారానికి రంగు

అప్పటికి శాస్త్రవేత్తలను వేధిస్తున్న ప్రశ్న ఒకటుంది. మెదడు దేనితో అల్లబడి ఉంది? చెట్లు, జంతువులు అన్నీ కణాలతో తయారయ్యాయని అప్పటికే తెలుసు. మెదడు సంగతి మాత్రం తేలలేదు. సూక్ష్మదర్శిని కింద పెడితే పోగుల చిక్కు తప్ప ఏమీ కనబడదు. కాబట్టి మెదడు, వెన్నుపాము అంతా కలిసి తెగని ఒకే వల అని ఎక్కువమంది పండితులు నమ్మారు.

మన వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాను తలచుకోండి. దారాలన్నీ తెల్లగా ఉంటే ఏ దారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపించలేం. ఒక్క దారానికి మాత్రం నల్లరంగు అద్ది నేస్తే అది పోయే దారి అంతా కండ్లకు కడుతుంది. మెదడులో అలాంటి పని చేసే రంగును 1873లో ఇటలీ శాస్త్రవేత్త కమిల్లో గాల్జీ కనిపెట్టాడు. ఇంటర్‌లో మనం చదివే గాల్జీ సంక్లిష్టం ఈయన పేరు మీదనే ఉంది. మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేట్‌లో నానబెట్టి గట్టిపరచి, తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో ఉంచితే, వందల కణాలలో ఏవో కొన్ని మాత్రమే కొమ్మలతో సహా నల్లబడతాయి. మిగిలినవి పసుపు పచ్చగా, కనబడనట్టుగా ఉండిపోతాయి. ఆ కొన్నే ఎందుకు నల్లబడతాయో నేటికీ పూర్తిగా తేలలేదు. కానీ అదే దాని బలం. అన్నీ నల్లబడితే మళ్ళీ చిక్కే కనబడేది.

పద్నాలుగేండ్లు గడిచినా ఈ పద్ధతిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఒకసారి పండితే పదిసార్లు చెడిపోయేది. 1887లో మాడ్రిడ్‌లో లూయిస్ సిమార్రో అనే వైద్యుడు తాను చేసిన అలాంటి పలకలను కహాల్‌కు చూపించాడు. పసుపు నేల మీద సిరాతో గీసినట్టు నల్లటి కణం. కహాల్ జీవితం అక్కడ మలుపు తిరిగింది.

అదే ఏడాది ఆయన బార్సిలోనాకు మారాడు. గాల్జీ పద్ధతికి రెండు మార్పులు చేశాడు. మొదటిది, ముక్కను ఒకసారి కాకుండా రెండుసార్లు ఆ ద్రావణాలలో ముంచడం. దానితో రంగు నిలకడగా పట్టింది. రెండవది మరీ తెలివైనది. పెద్ద జంతువుల మెదడుకు బదులు కోడిపిండాలు, పక్షి పిల్లలు, అప్పుడే పుట్టిన చిట్టెలుకలు, కుందేలు పిల్లల మెదడులను తీసుకున్నాడు. పెరిగిన మెదడులో ఆక్సాన్లకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ఉంటే రంగు పట్టదు. పసి మెదడులో తొడుగు ఇంకా పట్టి ఉండదు, కొమ్మలు కూడా తక్కువగా ఉంటాయి. పెరిగిన అడవిలో చెట్టును వెతకడం కన్నా నారుమడిలో మొక్కను చూడడం తేలిక కదా.

అలా చూసినప్పుడు కహాల్‌కు వల కనబడలేదు. విడివిడి చెట్లు కనబడ్డాయి. ఒక కణం ఆక్సాన్ ఇంకో కణం దగ్గరకు వస్తుంది, దాన్ని బుట్టలాగా చుట్టుకుంటుంది, కానీ దానిలో కలిసిపోదు. దగ్గరి దాకా వచ్చి ఆగిపోతుంది. 1888లో ఆయన ఈ విషయం ప్రకటించాడు. నాడీకణాలు దేనికదే స్వతంత్రమైనవి, తాకీ తాకనట్టు ఉండి సమాచారం అందించుకుంటాయి. ఆ సమాచారం డెండ్రైట్ల వైపు నుంచి వచ్చి ఆక్సాన్ వైపు పోతుందని తర్వాత తేల్చాడు. డెండ్రైట్ల మీద ముళ్ళలాగా ఉండే అతి చిన్న మొలకలను కూడా ఆయనే గుర్తించాడు.

ఎవరూ చదవని భాషలో

కనుగొనడం ఒక ఎత్తు, ఒప్పించడం ఒక ఎత్తు. ఆనాడు శాస్త్రం అంతా జర్మన్, ఫ్రెంచి భాషలలో నడిచేది. స్పెయిన్ నుంచి శాస్త్రం వస్తుందని ఎవరూ అనుకోలేదు. స్పానిష్ పత్రికలు ఎవరూ చదివేవారు కాదు. తన వ్యాసాలు వేసే పత్రిక కోసం ఎదురు చూడకుండా కహాల్ 1888 మేలో తానే ఒక పత్రిక మొదలుపెట్టాడు. ఖర్చంతా సొంత జేబు నుంచి. అచ్చువేసింది 60 ప్రతులు. వాటిలో ఎక్కువభాగం విదేశీ శాస్త్రవేత్తలకు పోస్టులో పంపించాడు. బొమ్మలన్నీ తన చేతితోనే గీశాడు.

పంపిన ప్రతులకు పెద్దగా స్పందన రాలేదు. అప్పుడు ఆయన చేసిన పని మనం గుర్తుపెట్టుకోవాలి. 1889 అక్టోబరులో సొంత డబ్బుతో, తన పలకలు పెట్టెలో పెట్టుకొని బెర్లిన్ వెళ్ళాడు. అక్కడ జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్తల సభ జరుగుతున్నది. ఆయనకు జర్మన్ రాదు. వచ్చీరాని ఫ్రెంచి మాత్రం వచ్చు. వాదించకుండా సూక్ష్మదర్శిని కింద పలకలు పెట్టి, వచ్చినవారిని ఒక్కొక్కరినే చూడమని పిలిచాడు. మొదట అనుమానంగా చూసినవారు కండ్లు పెట్టాక కదలలేదు. ఆ కాలంలో ఈ రంగంలో పెద్ద పేరున్న ఆల్బర్ట్ కోలికర్ అక్కడికక్కడే ఒప్పుకున్నాడు, నలుగురికీ చెప్పాడు. కహాల్ వ్యాసాలు చదవడం కోసం ఆ ముసలి వయసులో స్పానిష్ నేర్చుకున్నాడని కూడా చెబుతారు.

తెలుగు మీడియంలో చదివి పీజీకి వచ్చిన మాకు ఈ ఘట్టం దగ్గర పుస్తకం మూయబుద్ధి కాలేదు. ఇంగ్లీషులో నోరు తిరగక సెమినార్ హాల్లో వెనక బెంచీలో కూర్చున్న రోజులు మాకున్నాయి. జవాబు తెలిసి కూడా లేచి నిలబడలేని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇప్పుడు కూడా ఉన్నారు. కహాల్ భాష నేర్చుకోనవసరం లేదని చెప్పలేదు. ఆయన జర్మన్ చదవడం నేర్చుకున్నాడు, ఫ్రెంచిలో రాశాడు. కానీ భాష వచ్చేదాకా పని ఆపలేదు. చూపడానికి చేతిలో ఒక నిజం ఉంటే వచ్చీరాని మాటతో కూడా నిలబడవచ్చని చూపాడు.

1891లో జర్మన్ శాస్త్రవేత్త వాల్డెయర్ ఈ కణానికి న్యూరాన్ అనే పేరు పెట్టాడు. 1892లో కహాల్ మాడ్రిడ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1894లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను ప్రసంగానికి పిలిచింది. 1899 నుంచి 1904 వరకు నాడీ వ్యవస్థ మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం ఈ శాస్త్రానికి పునాది. 1906లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని గాల్జీకి, కహాల్‌కు కలిపి ఇచ్చారు. విచిత్రం ఏమంటే, ఆ వేదిక మీద కూడా గాల్జీ మెదడు వల లాంటిదనే సిద్ధాంతాన్నే సమర్థిస్తూ మాట్లాడాడు. ఆయన రంగు కనిపెట్టాడు. ఆ రంగుతోనే కహాల్ ఆయన సిద్ధాంతాన్ని కాదన్నాడు. ఇద్దరూ చూసింది ఒకే రకం పలకలే. పరికరం ఉన్నంత మాత్రాన సరిపోదు, ముందే అనుకున్నదాన్ని పక్కన పెట్టి చూడాలి అనడానికి ఇంతకన్నా ఉదాహరణ లేదు. కణాల మధ్య సన్నటి ఖాళీ ఉందని 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపించింది. అప్పటికి ఇద్దరూ లేరు. కొన్ని చోట్ల కణాలను నేరుగా కలిపే సన్నని దారులు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. అయినా కహాల్ చెప్పిన మూలసూత్రం నిలిచింది.

మెరిసే చిట్టెలుకలు

ఇప్పుడు మేము మొదట చెప్పిన చిట్టెలుకల దగ్గరకు వద్దాం. గాల్జీ రంగుకు ఒక పెద్ద లోటు ఉంది. చనిపోయిన మెదడులోనే అది పనిచేస్తుంది. కణం ఎట్లా ఉందో చూపగలదు గాని, బతికి ఉన్నప్పుడు ఎట్లా మారుతుందో చూపలేదు. కహాల్ ఆగిన చోటు అది.

ఆ లోటు తీర్చింది ఒక జెల్లీచేప. పసిఫిక్ సముద్రంలో ఉండే ఆ జెల్లీచేప నుంచి 1962లో ఒసాము షిమొమురా అనే జపాన్ శాస్త్రవేత్త ఒక ప్రోటీన్‌ను వేరుచేశాడు. దాని మీద నీలి కాంతి పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. దాని పేరు జీఎఫ్‌పీ. 1992లో దాని జన్యువును వేరుచేశారు. 1994లో మార్టిన్ చాల్ఫీ బృందం ఆ జన్యువును ఒక చిన్న పురుగులో పెడితే పురుగు నాడీకణాలు మెరిశాయి. రోజర్ సియన్ దాన్ని మెరుగుపరచి రకరకాల రంగులు తెచ్చాడు. ఈ ముగ్గురికీ 2008లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

2000 సంవత్సరంలో జాషువా సేన్స్, జెఫ్ లిక్ట్‌మన్ బృందం దీన్ని చిట్టెలుకలలోకి తెచ్చింది. పద్ధతి చెప్పుకుంటే ఇలా ఉంటుంది. మెరిసే ప్రోటీన్ జన్యువుకు ముందు ఒక మీట లాంటి డీఎన్ఏ భాగాన్ని అతికిస్తారు. ఆ మీట నాడీకణాలలోనే పనిచేసేలా ఎంచుకుంటారు. దాన్ని ఫలదీకరణ చెందిన ఎలుక అండంలోకి సన్నటి గాజు సూదితో ఎక్కించి, పెంపుడు తల్లి గర్భంలో పెడతారు. పుట్టిన పిల్లలలో కొన్నింటికి ఆ జన్యువు వంశపారంపర్యంగా ఉంటుంది. ఆ బృందం ఇలాంటి 25 వంశాలను తయారుచేసింది. జన్యువు క్రోమోసోముల మీద ఎక్కడ పడిందో దాన్ని బట్టి ఒక్కో వంశంలో ఒక్కో రకంగా కణాలు మెరిశాయి. కొన్ని వంశాలలో చాలా కణాలు మెరిస్తే, కొన్నింటిలో అక్కడొకటి ఇక్కడొకటి మాత్రమే. శాస్త్రవేత్తలకు ఎక్కువగా ఉపయోగపడింది ఈ రెండో రకమే. గాల్జీ రంగు చేసిన పనినే ఇది బతికి ఉన్న మెదడులో చేసింది.

2002లో అలాంటి ఎలుకల పుర్రె గుండా ప్రత్యేక సూక్ష్మదర్శినితో రోజుల తరబడి చూసి, డెండ్రైట్ల మీది ముళ్ళను గమనించారు. ఈ ముళ్ళు నిజం కావని, రంగు మరకలని కహాల్ కాలంలో కొందరు పండితులు కొట్టిపారేశారు. కహాల్ 1896లో వేరే రంగుతో మళ్ళీ చూపించి నిలబెట్టాడు. ఇప్పుడు ఆ ముళ్ళలో కొన్ని కొత్తగా మొలవడం, కొన్ని మాయం కావడం బతికి ఉన్న ఎలుకలోనే కనబడింది. మనం నేర్చుకునే పాఠానికి, ఈ ముళ్ళ మార్పుకు సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి.

2007లో అదే బృందం హార్వర్డ్‌లో మరో అడుగు వేసింది. టీవీ తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు కలిసి అన్ని రంగులు ఎట్లా ఇస్తాయో, అట్లా మూడు నాలుగు మెరిసే ప్రోటీన్లు ఒక్కో కణంలో ఒక్కో పాళ్ళలో వచ్చేలా చేశారు. దాదాపు తొంబై రంగులు కనబడ్డాయి. ఇంద్రధనుస్సు పేరు కలిసేలా దానికి బ్రెయిన్‌బో అని పేరు పెట్టారు. ఒక్క దారానికి రంగు వేయడంతో మొదలైన పని, పక్కపక్క దారాలకు వేరువేరు రంగులు వేసేదాకా వచ్చింది. ఆ రంగుల బొమ్మలలో కనబడిన కొమ్మల ఆకారాలు కహాల్ నల్ల సిరాతో గీసిన ఆకారాలే. ఆ బొమ్మలు చూసినవారు కహాల్‌ను తలచుకోకుండా ఉండలేకపోయారు.

మతిమరుపు జబ్బులో, మూర్ఛలో, పక్షవాతం తర్వాత నాడీకణాలకు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇలాంటి ఎలుకలు ఉపయోగపడుతున్నాయి. మన ఊళ్ళలో మూర్ఛ వచ్చినవారి ముక్కు దగ్గర ఉల్లిగడ్డ, చేతిలో తాళంచెవి పెట్టడం ఇంకా చూస్తున్నాం. అది దయ్యం కాదు, మెదడులోని కణాల జబ్బు అని ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే, మెదడు కూడా కణాలతోనే నడుస్తుందని చూపినవారి పుణ్యమే. ఈ పనిలో ఎన్నో మూగజీవాలు ప్రాణం ఇస్తున్నాయన్న సంగతి కూడా మరవరాదు. మన దేశంలో జంతువుల మీద ప్రయోగం చేయాలంటే సంస్థలోని నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. అది ఉండవలసిందే.

చివరి సంవత్సరాలు

కహాల్ నోబెల్‌తో ఆగలేదు. తెగిన నాడులు తిరిగి ఎట్లా పెరుగుతాయో పరిశోధించి 1913లో పెద్ద గ్రంథం వెలువరించాడు. ఫోటోగ్రఫీ మీద పుస్తకం రాశాడు. తన జీవితకథ రాశాడు. పరిశోధనలోకి వచ్చే యువకులకు సలహాలు చెబుతూ ఒక పుస్తకం రాశాడు. ఆయన చేతి బొమ్మలు వేల సంఖ్యలో ఉన్నాయి. నేటికీ పాఠ్యపుస్తకాలలో వాటిని అచ్చువేస్తూనే ఉన్నారు.

ఇవన్నీ ఒక ఎత్తయితే, మాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించినది వేరే ఉంది. 1907లో స్పెయిన్ ప్రభుత్వం ఉన్నత విద్య, పరిశోధనల కోసం ఒక సంస్థను పెట్టి కహాల్‌ను అధ్యక్షుణ్ణి చేసింది. ఆ సంస్థ ముఖ్యమైన పని, తెలివైన యువకులకు స్కాలర్‌షిప్ ఇచ్చి విదేశాలకు పంపడం. తాను పెట్టె మోసుకొని సొంత డబ్బుతో బెర్లిన్ పోయిన మనిషి, తన తర్వాతివారు అట్లా పోనవసరం లేకుండా చూశాడు. ఎన్నో ఏండ్లు ఆ బాధ్యత మోశాడు. ఆయన శిష్యులలో రియో ఒర్తెగా, ఫెర్నాండో డి కాస్ట్రో, లొరెంటె డి నో వంటివారు పెద్ద శాస్త్రవేత్తలయ్యారు. 1930లో భార్య సిల్వేరియా కన్నుమూసింది. 1934 అక్టోబర్ 17న మాడ్రిడ్‌లో, 82 ఏండ్ల వయసులో కహాల్ మరణించాడు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! స్కాలర్‌షిప్ అంటే ఎవరో జాలిపడి ఇచ్చేది కాదు. ఒక దేశం తన రేపటి కోసం పెట్టుకునే పెట్టుబడి. కహాల్ దేశం ఆ పని చేసింది. మన కోసం అంబేద్కర్ లాంటివారు కొట్లాడి సాధించిన హక్కు అది. మెస్ చార్జీలు, స్కాలర్‌షిప్ ఆలస్యమైనప్పుడు అడగడం ఎంత న్యాయమో, వచ్చినదాన్ని చదువుకు పెట్టడం అంతే బాధ్యత. డిగ్రీతో ఆగకండి. సైన్సు చదివేవారు సీఎస్ఐఆర్ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకోండి. పరిశోధన చేసేటప్పుడు నెలనెలా డబ్బు వస్తుంది, ఇంటి మీద భారం పడదు. మన వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం, మెడికల్ కాలేజీ ఉన్నాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది. ఆ తలుపులు మన కోసం కూడా ఉన్నాయి.

చాలా బడులలో సూక్ష్మదర్శిని బీరువాలో తాళం వేసి ఉంటుంది. పగులుతుందనే భయంతో పిల్లలకు ఇవ్వరు. సారును, మేడమ్‌ను మర్యాదగా అడగండి, అడగడం మానకండి. ఒకసారి చూడనిస్తే ఉల్లిపొరైనా సరే, చూసిందే గీయండి. గైడులో ఉన్నది చూసి గీయకండి. కహాల్ చేసిందంతా అదే. చూసింది గీశాడు, గీసింది నమ్మాడు, నమ్మింది పదిమందికి చూపించాడు. మన హాస్టల్ నుంచి కూడా అట్లా చూసే కండ్లు, గీసే చేతులు రావాలని మనసారా కోరుకుంటున్నాం.